‘నాగరక’ శబ్దం – పుట్టుక, పరిణామం

భారత రాజ్యాంగంలోని రెండవ భాగం, అంటే 5 నుంచి 11 వరకు గల అధికరణాలు, ఈ దేశంలో ఎవరికి ఏ ప్రాతిపదికపై పౌరసత్వం లభిస్తుందో నిర్దేశిస్తాయి. రాజ్యాంగం హిందీ పాఠంలో ఈ భాగానికి ఉన్న శీర్షిక ‘నాగరికతా’. తెలుగులో దానిని ‘పౌరసత్వం’ అంటాం. హిందీలో వెలువడిన ప్రభుత్వ పత్రంపై ‘నాగరికతా’ అన్న మాట చూసిన తెలుగువాడికి తటాలున స్ఫురించేది సింధు నాగరికతో, ఈజిప్టు నాగరికతో తప్ప తన ఓటు హక్కు కాదు. హిందీవారు నాగరికతను ‘సభ్యతా’ అంటారు. బెంగాలీ, మరాఠీ భాషలలో కూడా ‘నాగరికత్వ’ అంటే పౌరసత్వమే. తెలుగు, మలయాళాలలో ‘నాగరికత’ అంటే సంస్కారవంతమైన జీవన విధానం. తమిళంలోని ‘నాగరికం’ కూడా ఈ అర్థాన్నే ఇస్తుంది. పౌరసత్వానికి తమిళులు ‘కుడియురిమై’ అనే తమ సొంత మాటను వాడుకొంటున్నారు.

ఒకే శబ్దం ఉత్తరాదిన హక్కుగా, దక్షిణాదిన సంస్కారంగా స్థిరపడింది. ఈ రెండర్థాలకూ మూలం ఒక్కటే: నగరంలో నివసించేవాడు. నగరవాసిని పిలవడానికి పుట్టిన ఆ మాట నిందగా, ప్రశంసగా, ఉద్యోగనామంగా, జీవిత విధానంగా, చివరికి మానవ సమూహాలను మేలు, కీడు అని విభజించే తూనికరాయిగా మారిన క్రమం భారతీయ సామాజిక చరిత్రలో పరిశీలించదగిన ఒక అధ్యాయం.

నగరం, నగరు

ఋగ్వేదంలో ‘పుర్’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. దానికి అక్కడ కోట, ప్రాకారం గల రక్షణ స్థానం అన్న అర్థమే ప్రధానం. జనసమ్మర్దం గల పట్టణమనే భావం దానికి తరువాతి కాలంలో ఏర్పడింది. ‘నగర’ శబ్దం వైదిక వాఙ్మయంలో చాలా ఆలస్యంగా, తైత్తిరీయ ఆరణ్యకం నాటికి గాని కనిపించదు. గంగా మైదానంలో క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్ది ప్రాంతంలో రాజగృహం, శ్రావస్తి, కౌశాంబి, వారణాసి వంటి పట్టణాలు వృద్ధి చెందిన తరువాతనే ఈ మాటకు విస్తృత ప్రచారం కలిగింది.

సంస్కృత వైయాకరణులు దీనిని ‘నగ’ శబ్దం నుంచి సాధించారు. నగమంటే కొండ లేదా చెట్టు. కొండల వంటి మేడలు గలది నగరమని సంప్రదాయ వ్యాఖ్య. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులలో కొందరు దీనికి ద్రావిడ మూలాన్ని ప్రతిపాదించారు. ప్రాచీన తమిళ సాహిత్యంలో ‘నగర్’ అంటే ఇల్లు, మేడ, దేవాలయం, రాజభవనం అనే అర్థాలున్నాయి. తెలుగులో ‘నగరు’ అంటే రాజప్రాసాదం. రాజు నివసించే భవనం చుట్టూ పెరిగిన ఊరు నగరం అయిందనుకోవడానికి ఈ దక్షిణాది అర్థాలు అవకాశమిస్తాయి. పండితులు ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. అయినా నగరమనే భావనలో మొదటినుంచీ ఎత్తైన కట్టడమూ, దానిలో నివసించే అధికారమూ ఇమిడి ఉన్నాయని మాత్రం రెండు వ్యుత్పత్తులూ తెలుపుతున్నాయి.

ధర్మసూత్రాల దృష్టి

నగరాలు పుట్టిన తొలినాళ్లలో వైదిక సంప్రదాయం వాటిని అనుమానంగానే చూసింది. తెలుగునాట అత్యధిక సంఖ్యాకులైన వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ సూత్రం, స్నాతకుడు నగర ప్రవేశాన్ని వర్జించాలని విధించింది. పట్టణపు దుమ్ము కప్పిన దేహంతో, కళ్లలోనూ ముఖంలోనూ ఆ దుమ్మును నింపుకొని జీవించేవాడికి, ఎంత నియమవంతుడైనా, సిద్ధి కలగడం సాధ్యం కాదని బౌధాయనుడు అభిప్రాయపడ్డాడు. నగరంలో వేదాధ్యయనం ఎల్లప్పుడూ నిషిద్ధమేనని కొందరి మతమని గౌతమ ధర్మసూత్రం పేర్కొన్నది.

ఈ విముఖతకు కారణాలు ఊహించడం కష్టం కాదు. గ్రామంలో ఎవరి కులం ఏదో, ఎవరు ఎవరి ఇంట భుజించవచ్చునో అందరికీ తెలుసు. నగరంలో దారిన పోయేవాడెవరో తెలియదు. బజారులో అమ్మే ఆహారం ఎవరు వండినదో తెలియదు. ఆచారాన్ని కాపాడుకోదలచినవారికి ఈ అపరిచితత్వం భయం గొలిపింది. అదే కాలంలో బౌద్ధ, జైన సంఘాలు నగరాలకు చేరువలో విహారాలు నిర్మించుకొని, వర్తకుల, కర్మకారుల ఆదరణ పొందడం గమనార్హం. ఒకరికి దోషంగా కనిపించినదే మరొకరికి అవకాశమయింది.

పాణిని చూపిన రెండు ముఖాలు

నగరవాసిపై ఉన్న ఈ ద్వంద్వభావాన్ని ఒకే సూత్రంలో నిక్షిప్తం చేసినవాడు పాణిని. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయం రెండవ పాదంలో, ‘నగర’ శబ్దంపై ప్రత్యేక ప్రత్యయం చేరి ‘నాగరక’ రూపం ఏర్పడడానికి ఆయన రెండు సందర్భాలను మాత్రమే అనుమతించాడు. మొదటిది కుత్సనం, అంటే నింద. రెండవది ప్రావీణ్యం. నిందగాని, నేర్పుగాని ఉద్దేశించనప్పుడు, కేవలం ఆ ఊరివాడు అని చెప్పదలచుకొన్నప్పుడు, ‘నాగర’ అనే సామాన్య రూపమే చాలును.

క్రీస్తుశకం ఏడవ శతాబ్దికి చెందిన కాశికావృత్తి ఈ సూత్రానికి ఇచ్చిన ఉదాహరణలు ఆసక్తికరమైనవి. దారిలో దోపిడి జరిగింది. ఇది ఎవరి పని? నగరంలోని మనిషి చేసి ఉండాలి, ఎందుకంటే నాగరకులు దొంగలు. మనసును, కన్నులను వికసింపజేసే చిత్రం ఒకటి కనిపించింది. ఇది ఎవరు గీశారు? ఇదీ నగరంలోని మనిషి పనే, ఎందుకంటే నాగరకులు ప్రవీణులు. దొంగతనానికి, చిత్రకళకు ఒకే నగరవాసిని కర్తగా నిలిపిన ఈ జంట ఉదాహరణలలో నాటి సమాజం నగరాన్ని ఏ కళ్లతో చూసిందో సంగ్రహంగా తెలుస్తుంది. చేతివాటం, చేతినేర్పు రెండూ నగరంలోనే అభ్యాసమవుతాయని దాని తాత్పర్యం.

గ్రామం, నగరం వేర్వేరా, ఒక్కటేనా అన్న చర్చ క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దిలో పతంజలి మహాభాష్యంలో కూడా వచ్చింది. ‘గ్రామం నుంచి వస్తున్నారా?’ అని అడిగితే, ‘గ్రామం నుంచి కాదు, నగరం నుంచి’ అని జవాబిచ్చే మనిషిని ఆయన ప్రస్తావిస్తాడు. ఆ జవాబులోని సవరణ వెనుక ఉన్న అతిశయం నేటి పాఠకుడికీ సుపరిచితమే. అయితే గ్రామంలోని కోడి తినరానిదని శాస్త్రం చెబితే నగరంలోని కోడి తినదగినదని ఎవరూ అనుకోరని, నిషేధాల విషయంలో గ్రామమన్నప్పుడు నగరం కూడా అందులో చేరుతుందని పతంజలి అదే చోట చూపాడు.

ఉద్యోగిగా నాగరకుడు

నాగరక, నాగరిక అనే రెండు రూపాలు ప్రాచీన గ్రంథాలలో తరచు కలిసిపోతాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ పేరు ఒక అధికారిది. 1909లో ఆర్. శామశాస్త్రి ఆ గ్రంథాన్ని ప్రకటించిన తరువాత, దాని రెండవ అధికరణంలోని ‘నాగరిక ప్రణిధి’ ప్రకరణం నగర పాలనా చరిత్రకు ముఖ్యమైన ఆధారమయింది. జనపదాన్ని సమాహర్త చూసుకొన్నట్లే నగరాన్ని నాగరికుడు చూసుకోవాలి. అతని కింద నగరంలోని ఒక్కొక్క భాగానికి స్థానికుడు, పది, ఇరవై లేదా నలభై కుటుంబాలకు ఒక గోపుడు ఉంటారు. ఆ కుటుంబాలలోని స్త్రీ పురుషుల కులం, గోత్రం, పేరు, వృత్తి, ఆదాయ వ్యయాలు గోపుడికి తెలిసి ఉండాలి. సత్రాల నిర్వాహకులు పాషండులకు, బాటసారులకు బస ఇచ్చే ముందు అతనికి తెలియజేయాలి. రహస్యంగా గాయానికి చికిత్స చేయించుకొనే వ్యక్తిని గురించి తెలుపని వైద్యుడు కూడా దోషభాగి.

అగ్ని ప్రమాద నివారణకు ప్రతి ఇంట నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి మొదలైన సాధనాలుండాలి. వీధిలో దుమ్ము పోసినవారికి పణంలో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలిపినవారికి పావు పణం జరిమానా. అదే నేరం రాజమార్గంలో చేస్తే రెట్టింపు. రాత్రివేళ తూర్యనాదంతో సంచార నిషేధం మొదలయ్యేది. రాజు జన్మనక్షత్రం నాడు, పౌర్ణమి నాడు బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెర నుంచి విడిపించాలన్న నియమమూ ఈ ప్రకరణంలోనిదే. నాగరికుడి విధులలో నేటి పురపాలక కమిషనరు, పోలీసు అధికారి, జనగణన ఉద్యోగి ముగ్గురూ కనిపిస్తారు. పాటలీపుత్ర పాలనను అయిదుగురేసి సభ్యులు గల ఆరు సమితులు నిర్వహించేవని మెగస్తనీసు రాసినట్లు గ్రీకు రచయితలు ఉటంకించారు. వివరాలు కౌటిల్యుని వ్యవస్థతో సరిపోలకపోయినా, నగరానికి ప్రత్యేక పరిపాలన అవసరమన్న భావన రెండింటిలోనూ సమానం.

శాసన ప్రమాణం కావాలంటే కళింగానికి వెళ్లాలి. భువనేశ్వర్ సమీపంలోని ధౌలి, గంజాం జిల్లాలోని జౌగడ శిలలపై అశోకుడు చెక్కించిన ప్రత్యేక శాసనాలలో మొదటిది తోసలి, సమాపా నగరాలలోని నగర వ్యవహారికులైన మహామాత్రులను ఉద్దేశించినది. నగరజనులెవరూ కారణం లేకుండా నిర్బంధానికి, హింసకు గురికాకూడదన్నది దాని సారాంశం. ఈర్ష్య, కోపం, క్రూరత్వం, తొందరపాటు, సోమరితనం, అలసట అధికారికి పనికిరావని అందులో చక్రవర్తి హెచ్చరించాడు. తిష్య నక్షత్రం నాడు దానిని చదివి వినిపించాలని ఆదేశించాడు. కళింగ యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలకు, ఓడిపోయిన ప్రాంతపు నగరవాసుల పక్షాన వెలువడిన రాజాజ్ఞ ఇది. అధికారి నుంచి నగరవాసికి రక్షణ కల్పించే మాట ఇందులో వినవస్తుంది. ఈ దేశంలో పౌరహక్కుల భావనకు దీనినే నేరుగా మూలమనడం అతిశయోక్తి కావచ్చు. కాని పాలకుడు తన ఉద్యోగులను ప్రజల ఎదుట జవాబుదారులను చేసిన తొలి ఉదాహరణలలో ఇది చేరుతుంది.

అధికారి పేరుగా ఈ మాట కాళిదాసు నాటికీ నిలిచి ఉంది. అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకం మొదట్లో ఉంగరం దొరికిన జాలరిని బంధించి తెచ్చే రక్షకభటుల నాయకుడు నాగరికుడే. అతడు రాజుగారి బావమరది కూడా. జాలరి నిర్దోషి అని తేలి, బహుమానం దక్కిన తరువాత అందరూ కలిసి కల్లు దుకాణానికి బయలుదేరుతారు. అదే నాటకం అయిదవ అంకంలో, అలిగిన హంసపదికను ‘నాగరిక వృత్తి’తో సముదాయించమని దుష్యంతుడు విదూషకుడిని పంపుతాడు. అక్కడ నాగరికమంటే మాటనేర్పు, నొప్పించకుండా తప్పించుకొనే చాతుర్యం. పాణిని చెప్పిన నింద, ప్రావీణ్యం ఒకే నాటకంలో వరుస అంకాలలో తారసపడతాయి.

వాత్స్యాయనుని ఆదర్శం

నాగరకుడికి సంపూర్ణమైన ఆకృతి కల్పించినవాడు వాత్స్యాయనుడు. కామసూత్రాలు ఆంధ్రదేశంలోని ఆచారాలను పేర్కొంటాయి. శాతవాహన వంశీయుడైన కుంతల శాతకర్ణి ప్రస్తావన చేస్తాయి. అందువల్ల క్రీస్తుశకం మూడవ శతాబ్ది ప్రాంతపు రచనగా పండితులు దానిని భావిస్తారు. మొదటి అధికరణంలోని ‘నాగరక వృత్తం’ అన్న ప్రకరణంలో శృంగారం కంటె దినచర్యకే ఎక్కువ స్థానం లభించింది.

విద్య ముగించి, దానం, జయం, వాణిజ్యం, సేవ వంటి మార్గాలలో గాని, వారసత్వంగా గాని ధనం సంపాదించినవాడు నగరంలోనో, పట్టణంలోనో నివాసం ఏర్పరచుకోవాలి. నీటికి చేరువలో, తోట గల ఇల్లు. దానిలో రెండు శయనగృహాలు. గోడ కొయ్యకు వీణ, చిత్రఫలకం, కుంచెల పెట్టె, ఏదో ఒక పుస్తకం, పూలదండలు. బయట పక్షుల పంజరాలు, ఊయెల. ప్రతిదినం స్నానం, రెండవ రోజుకొకసారి నలుగు, మూడవ రోజుకొకసారి నురుగు పదార్థంతో శుభ్రత, నాలుగవ రోజుకొకసారి క్షౌరం. మధ్యాహ్నం చిలుకలకు మాటలు నేర్పడం, సాయంకాలం గోష్ఠి.

గోష్ఠిని గురించి వాత్స్యాయనుడిచ్చిన సలహా నేటికీ గమనింపదగినది. అక్కడ పూర్తిగా సంస్కృతంలోనూ మాట్లాడకూడదు, పూర్తిగా దేశభాషలోనూ మాట్లాడకూడదు. రెండింటినీ సమంగా కలిపి కథ చెప్పేవాడికే లోకంలో గౌరవం దక్కుతుంది. పండిత భాషకు, ప్రజల భాషకు నడుమ ఉండగలగడాన్ని ఆయన నగరవాసి లక్షణంగా గుర్తించాడు. గ్రామవాసి విషయంలోనూ ఆయన మౌనంగా లేడు. గ్రామంలో నివసించే వ్యక్తి తన తోటివారిలో చురుకైనవారికి నాగరకుల జీవితాన్ని వర్ణించి, ఆసక్తి కలిగించి, తానూ దానిని అనుకరించాలట. నగరం గ్రామానికి ఆదర్శమని ప్రకటించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. నగర ప్రవేశమే దోషమన్న ధర్మసూత్రాల నుంచి ఇది ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ ఆదర్శం కొద్దిమందికి మాత్రమే సంబంధించినది. నాగరకుడి తీరిక వెనుక అతని నలుగు పిండినవారు, బట్టలుతికినవారు, పూలు కట్టినవారు, పంజరాలు అల్లినవారు ఉన్నారు. వారూ నగరంలోనే నివసించారు. కాని వాత్స్యాయనుని దృష్టిలో వారు నాగరకులు కారు. నివాసాన్ని తెలిపే మాట సంపదను, రుచిని తెలిపే మాటగా కుదించుకొనిపోయింది.

కావ్యంలో నాగరత, గ్రామ్యత

ఈ కుదింపు అలంకార శాస్త్రంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ‘గ్రామ్యం’ కావ్యదోషమయింది, అగ్రామ్యత గుణమయింది. ఎనిమిదవ శతాబ్దికి చెందిన ఉద్భటుడు అనుప్రాసలోని వర్ణవిన్యాసాన్ని మూడు వృత్తులుగా విభజించి వాటికి పరుష, ఉపనాగరిక, గ్రామ్య అని పేర్లు పెట్టాడు. నేర్పరి అయిన నగర స్త్రీతో పోల్చదగినది కనుక రెండవ దానికి ఉపనాగరిక అని పేరు వచ్చిందని వ్యాఖ్యాతలు వివరించారు. అపభ్రంశ భాషలకు సైతం నాగర, ఉపనాగర, వ్రాచడ అని ప్రాకృత వ్యాకర్తలు పేర్లు నిర్ణయించారు. ఆలయ శిల్పంలో నాగర శైలి, లిపులలో నాగరి ఈ కోవలో చేరేవే. అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు ఎక్కువగా నాగర శైలిలోనివి. విజయనగర రాజుల సంస్కృత తామ్రశాసనాలు నందినాగరిలో రాయబడ్డాయి.

అయినా కవులందరూ నగరానికి దాసోహమనలేదు. హాలుని పేర ప్రసిద్ధమైన ప్రాకృత గాథా సంప్రదాయం ప్రధానంగా పల్లె జీవితాన్ని, పొలాలను, ఊరి వాగులను ఆశ్రయించింది. నగర మర్యాదలు తెలియని పల్లె పడుచు నగర స్త్రీల గర్వాన్ని ఎత్తిపొడిచే గాథలను మమ్మటుని వంటి ఆలంకారికులే ఉత్తమ ధ్వనికి ఉదాహరణలుగా స్వీకరించారు. గ్రామ్యతను దోషమన్న శాస్త్రం, తన ఉత్తమ ఉదాహరణ కోసం పల్లె వైపే చూడవలసివచ్చింది.

తెలుగు నేలపై పట్టణ జనులు

ఆంధ్రదేశంలో నగర జీవితానికి సంబంధించిన తొలి సాక్ష్యాలలో భట్టిప్రోలు శాసనాలు ప్రధానమైనవి. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో కనుగొన్న ధాతు కరండాలపై కుబిరక రాజు పేరుతో పాటు ‘నిగమ’ సభ్యుల పేర్లు, ‘గోఠి’ అన్న మాట కనిపిస్తాయి. గోఠి అంటే గోష్ఠి. వాత్స్యాయనుని గోష్ఠిలో వినోదం ప్రధానం. భట్టిప్రోలు గోష్ఠి సామూహిక దానానికి పూనుకొన్న సంఘం. ఆ ఊరి పేరు చివర నిలిచిన ‘ప్రోలు’ పట్టణానికి అచ్చతెలుగు మాట; కన్నడంలోని ప్రాచీన శబ్దం ‘పొళల్’ దానికి సోదరం.

ధాన్యకటకమైన అమరావతిలో దాతల పట్టిక మరింత విస్తృతం. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, స్త్రీలు అక్కడ శిలాఫలకాలు దానం చేశారు. వారిలో విధికుడనే చర్మకారుడొకడు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడినని చెప్పుకొని, కుటుంబ సమేతంగా అతడు సమర్పించిన ఫలకంపై పూర్ణఘటం చెక్కి ఉంది. వాత్స్యాయనుని నాగరక వృత్తంలో చోటు లభించని వృత్తికారుడు అమరావతి రాతిపై తన పేరును, తండ్రి పేరును నిలుపుకోగలిగాడు. పూర్ణఘటం చిహ్నం తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ రాజముద్రకు ఎక్కింది.

మధ్యయుగాలలో దక్షిణ దేశంలో ఈ శబ్దం వాణిజ్య రంగంలో స్థిరపడింది. చోళ శాసనాలలో ‘నగరం’ అంటే వర్తకుల సభ. తమిళనాట నగరత్తారులనే వర్తక సమాజం పేరు అక్కడిదే. తెలుగు శాసనాలలో ‘నకరం’ వర్తక సంఘానికి పేరు. కాకతీయుల రాజధానిలోని రోజువారీ జీవితానికి సజీవ చిత్రం వినుకొండ వల్లభరాయని ‘క్రీడాభిరామం’లో లభిస్తుంది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత రచన ‘ప్రేమాభిరామం’ ఆధారంగా వెలసిన ఈ వీథి నాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఓరుగల్లు వీథులలో తిరుగుతారు. పూటకూళ్లిల్లు, కోడిపందేలు, ఆటగాళ్లు, పాటకత్తెలు వారి కంటబడతాయి. మంచనశర్మలో వాత్స్యాయనుని నాగరకుడి ఛాయలున్నా, కవి దృష్టి ఇంటి గోడకు వేలాడే వీణపై గాక వీథిలోని జనంపై నిలిచింది.

వాడుకలోకి వస్తే, తెలంగాణ పల్లెలలో ‘పట్నం’ అంటే హైదరాబాదు. ఒకప్పుడు కోస్తా జిల్లాలవారికి పట్నమంటే చెన్నపట్నం. సంస్కృత మూలమైన ‘బస్తీ’ ఒక ప్రాంతంలో పట్టణాన్ని, మరొక ప్రాంతంలో పేటను తెలుపుతున్నది. ఉర్దూ ద్వారా వచ్చిన ‘షహర్’కు మూలమైన ప్రాచీన పారశీక శబ్దం రాజ్యాధికారాన్ని చెప్పేది, సంస్కృతంలోని ‘క్షత్ర’ దానికి జ్ఞాతి. అక్కడ కూడా నగరం అధికారం నుంచే పేరు తెచ్చుకొన్నది.

పౌరుడు

తెలుగు రాజకీయ పరిభాష ‘నాగరిక’ శబ్దాన్ని సంస్కారానికి విడిచిపెట్టి, హక్కుల కోసం ‘పౌర’ శబ్దాన్ని ఎంచుకొన్నది. దీనికీ శాసన ప్రతిష్ఠ ఉన్నది. ఖారవేలుని హాథిగుంఫా శాసనం పౌర జానపదులపై చూపిన అనుగ్రహాలను పేర్కొంటుంది. క్రీస్తుశకం 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు, సుదర్శన తటాకపు కట్టను పన్నులతోను, వెట్టితోను పౌర జానపదులను పీడించకుండా తన కోశం నుంచే నిర్మించానని చెప్పుకొన్నాడు. 1924లో వెలువడిన ‘హిందూ పాలిటీ’లో కె.పి. జయస్వాల్ పౌర, జానపదాలు రాజును నియంత్రించే రాజ్యాంగబద్ధ సభలని వాదించారు. స్వాతంత్ర్యోద్యమ కాలపు ఉత్సాహానికి అది సహజమే. ఎ.ఎస్. ఆల్టేకర్ వంటి చరిత్రకారులు దానిని అంగీకరించలేదు. ఆ మాటలకు పురజనులు, పల్లెజనులు అన్న సామాన్యార్థమే సరియైనదని వారి నిర్ణయం.

ఆల్టేకర్ మతమే సరియైనదయితే ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ప్రాచీన శాసనాలు పాలితులందరినీ చెప్పదలచుకొన్నప్పుడు పౌరుల పక్కన జానపదులను కూడా పేర్కొన్నాయి. ఆధునిక పరిభాష జానపదుడిని జానపద గేయాలకు, జానపద కళలకు పరిమితం చేసి, హక్కులు గల వ్యక్తిని చెప్పడానికి పురవాసి పేరును ఒక్కదానినే మిగిల్చింది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 31.16 శాతం. తక్కిన 68.84 శాతం పల్లెవాసులు చట్టం దృష్టిలో ‘పౌరులు’, అంటే ధాత్వర్థం ప్రకారం పురవాసులు. ఐరోపా భాషల చరిత్రా ఇటువంటిదే. లాటిన్ ‘సివిస్’ నుంచి ‘సిటిజెన్’, ‘సివిలైజేషన్’ రెండూ వచ్చాయి. గ్రీకు ‘పోలిస్’ నుంచి ‘పాలిటిక్స్’ వచ్చింది. అరబ్బీలో ‘మదీనా’ అన్న నగర వాచకం నుంచి నాగరికతా వాచకమైన ‘తమద్దున్’ వచ్చింది. హక్కుకూ సంస్కారానికీ పేర్లు పెట్టే పనిని చాలా సమాజాలలో నగరమే నిర్వహించింది.

అనాగరికుడెవరు?

పేర్లు పెట్టే అధికారం ఒక పక్షానికే ఉన్నప్పుడు రెండవ పక్షం నష్టపోతుంది. ‘గ్రామ్యం’ ఇందుకు నిదర్శనం. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి లక్షణ విరుద్ధమైన భాషకే గ్రామ్యమని నిర్వచనం చెప్పాడు. గ్రామానికీ ఆ నిర్వచనానికీ సంబంధం లేదు. అయినా నింద మాత్రం గ్రామానికే మిగిలింది. గిడుగు రామమూర్తి (1863–1940) శిష్టజన వ్యావహారికాన్ని సమర్థించినప్పుడు ప్రత్యర్థులు దానిని గ్రామ్యమని తోసిపుచ్చారు. చదువుకొన్నవారు నిత్యం మాట్లాడే భాష గ్రామ్యం ఎలా అవుతుందన్నది ఆయన వాదంలోని కీలకాంశం.

‘అనాగరికుడు’ అన్న మాట చేసిన కీడు ఇంకా తీవ్రం. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సంచార సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. ఆ సమూహాలను నిర్బంధ ఆవాసాలలో ఉంచి ‘నాగరికులను’ చేయడం పాలనా లక్ష్యంగా ప్రచారమయింది. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. కాశికావృత్తిలో దొంగ నగరవాసి. వలస పాలనలో దొంగ అడవిలోనో, దారిలోనో సంచరించేవాడు. దొంగతనం మారలేదు, ఎవరిని అనుమానించాలన్నది మారింది. చెంచులు, కొండరెడ్లు మొదలైనవారిని చాలాకాలం ప్రభుత్వ పత్రాలు ‘ఆదిమ’ తెగలని వ్యవహరించాయి. 2006లో కేంద్రప్రభుత్వం ఆ విశేషణాన్ని తొలగించి, వారు ప్రత్యేకంగా దుర్బల స్థితిలో ఉన్న సమూహాలని పేరు మార్చింది. మాట మారినంతలో జీవితం మారదు. కాని పాత మాట లోపాన్ని మనుషుల స్వభావంలో వెదికితే, కొత్త మాట వారి పరిస్థితులలో వెదుకుతుంది. దస్త్రం రాసే ఉద్యోగికి ఈ తేడా తెలియడం అవసరం.

నగరాన్ని తూలనాడడం దీనికి పరిష్కారం కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ డాక్టర్ అంబేద్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయంగా వర్ణించారు. ఊరి బావి, ఊరి గుడి నిషిద్ధమైన జనుల అనుభవం ఆయన మాటలలో ఉన్నది. ధర్మసూత్రకారులకు భయం గొలిపిన నగరంలోని అపరిచితత్వం ఆ జనులకు విముక్తి మార్గమయింది. గ్రామ పంచాయతీల వ్యవస్థాపనను నిర్దేశించే 40వ అధికరణాన్ని కూడా అదే రాజ్యాంగం చేర్చుకొన్నది. 1993లో అమలులోకి వచ్చిన 73, 74 సవరణలు పల్లెకు, పట్టణానికి సమాన ప్రతిపత్తి గల స్వపరిపాలనా సంస్థలను ఏర్పరచాయి. గ్రామదశ నుంచి పట్టణదశకు మారుతున్న ప్రాంతానికి 243-క్యూ అధికరణం పెట్టిన పేరు ‘నగర పంచాయతీ’. పతంజలి నాడు చర్చకు వచ్చిన గ్రామ నగరాలు ఒకే పేరులో అలా కలుసుకొన్నాయి.

నగరవాసి పేరు నేడు మూడు తావులలో జీవిస్తున్నది: నివాసంగా, సంస్కారంగా, హక్కుగా. నివాసం కొందరిది, సంస్కారం ఎవరిదన్నది తెగని వివాదం. మూడవదైన హక్కును మాత్రం రాజ్యాంగం పురానికీ పల్లెకూ అడవికీ భేదం లేకుండా పంచింది. కారణం లేకుండా నగరజనులను నిర్బంధించరాదని అశోకుడు తోసలి అధికారులకు పంపిన ఆజ్ఞ నగరం ఎల్లలు దాటి చివరి తండాకు, చివరి గూడేనికి వర్తించినప్పుడే ‘పౌరుడు’ అన్న మాటకు నేడు మనమిస్తున్న అర్థం సార్థకమవుతుంది.